నాలుక కింది తీపి

కిందటి వారం మనం జాహెదాను వంటింట్లో, సన్నని మంట మీద పెట్టిన గిన్నె ముందర వదిలి వచ్చాం. కొత్తగా చదివే వారి కోసం నాలుగు మాటలు. ఆమె భర్త యాసిన్ అయిజలో ఒక చిన్న మసీదుకు మౌజన్. అంటే ఐదు పూటలా అజాన్ ఇచ్చి జనాన్ని నమాజుకు పిలిచే మనిషి. ఆయనకు గొంతు పక్కన క్యాన్సర్ వచ్చింది. హైదరాబాద్ దవాఖానలో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించారు. గడ్డ కరిగింది గానీ దవడ నుంచి భుజం దాకా నొప్పి మిగిలిపోయింది, గొంతు మూగబోయింది. డాక్టర్లు ఇచ్చిన నొప్పి బిళ్లలు ఆయన ఒంటికి పడలేదు. చెల్లెలి బాధ చూడలేక, అచ్చంపేటలో మూలికల కొట్టు నడిపే ఆమె అన్న ఉవైస్ ఎండిన గంజాయి ఆకు తెచ్చి ఇచ్చాడు. జాహెదా దాన్ని గ్లిజరిన్‌లో ఊరబెట్టి, వడగట్టి, తెల్లవారక ముందు సహరీకి ఒకసారి, ఇఫ్తార్ అయ్యాక ఒకసారి భర్త నాలుక కింద చుక్కలు వేస్తోంది. అది మూలికల షర్బత్ అని యాసిన్ నమ్మకం. నొప్పి తగ్గి, ఈ రంజాన్‌లో ఆయన మళ్లీ ఒక్కపొద్దులు ఉంటున్నాడు. గొంతు కూడా కాస్త విచ్చుకుంది. రేపు అల్విదా జుమ్మా, రంజాన్‌లో చివరి శుక్రవారం. ఆ మధ్యాహ్నం అజాన్ మీరే ఇవ్వాలని మసీదు పెద్దలు ఇంటికి వచ్చి అడిగారు. ఆయన సరేనన్నాడు.

ఆ "సరే" విన్నప్పటి నుంచి జాహెదా చేతులు ఒక పనిలో నిలవడం లేదు.

మసీదులో ఇప్పుడు అజాన్ ఇచ్చే అతను మంచివాడు, గొంతూ మంచిదే. కానీ మైకులో అతను మొదలుపెట్టగానే ఆమె చేతిలో పని ఒక్క క్షణం ఆగుతుంది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆమె రోజంతా యాసిన్ గొంతు మీదే నడిచింది. ఏ పూట అన్నం సరిగ్గా తినకుండా వెళ్లాడో, ఏ పూట జలుబు పట్టిందో, ఎప్పుడు ఆయన మనసు బాగాలేదో ఆమెకు మైకులోనే తెలిసిపోయేది. అజాన్ అయిందంటే ఇంకాసేపట్లో ఆయన ఇంటికి వస్తాడు. వాన పడ్డ రోజుల్లో కూడా ఆ లెక్క తప్పలేదు. అది ఆగిపోయాక పొద్దు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో ఆమెకు అంతు చిక్కలేదు. మనిషి ఎదురుగా మంచం మీదే ఉన్నాడు. అయినా ఆయన ఇంకా ఇంటికి రానట్టే ఉండేది.

పాత సీసా అడుగంటింది. అందుకే ఆ గురువారం సాయంత్రం కొత్త మందు దించుతోంది. గిన్నెలో నీళ్లు, నీళ్లలో గుడ్డ మడత, దాని మీద గాజు సీసా. సీసాలో చిక్కగా, ముదురు ఆకుపచ్చగా గ్లిజరిన్. సారాలో వేస్తే తొందరగా దిగుతుందని, ఫోనులో అందరూ అట్లాగే చేసి చూపిస్తున్నారని ఉవైస్ మొదట్లో చెప్పాడు. "మా ఇంట్ల సారా చుక్క గూడ రాదు అన్నా" అంది ఆమె. గ్లిజరిన్‌తో అయితే ఆలస్యమవుతుంది, సారా లాగినంత సత్తువ లాగదు, కానీ తియ్యగా ఉంటుంది, కాలిన గొంతును మండించదు అన్నాడు ఉవైస్. ఆ మాట విని ఊళ్లోని మెడికల్ షాపుకు వెళ్లి అడిగింది.

"గిది దేంతోటి చేస్తరు?"

"పెదవులకు రాసుకునేదానికి గన్ని సవాళ్లెందుకమ్మా," అన్నాడు షాపాయన.

ఆమెకు అనుమానం తీరలేదు. గ్లిజరిన్‌ను కొవ్వుతో కూడా చేస్తారని ఎవరో అన్నారు. ఏ జంతువు కొవ్వో ఎవరికి తెలుసు? చివరికి ఉవైస్ హైదరాబాద్ నుంచి చెట్ల నూనెతో చేసిన గ్లిజరిన్ తెప్పించాడు. డబ్బా మీద శాకాహారమని చెప్పే పచ్చ చుక్క ఉంది. దాన్ని బొటనవేలితో తుడిచి చూసి, బిస్మిల్లా అని మూత తీసింది. వడగట్టడానికి యాసిన్ పాత తెల్ల రుమాలు నుంచి ఒక ముక్క కత్తిరించి, మూడు నీళ్లలో కడిగి పెట్టుకుంది. ఆ గుడ్డలో చుక్క చుక్క దిగుతున్నంతసేపూ ఆమె పెదవుల మీద దువా కదులుతూనే ఉంటుంది.

ఇదంతా పట్టుబడితే జైలని ఉవైస్ చెప్పాడు. "నువ్వూ నేనూ ఇద్దరం లోపలికే పోతం. యాసిన్‌కు గూడ తెల్వనీయకు." ఆమె ఎవరికీ తెలియనివ్వలేదు. వాసన రాకుండా పొయ్యి పక్కన సాంబ్రాణి కూడా వేసింది.

పక్కింటి సత్యమ్మ గుగ్గిళ్ల గిన్నె పట్టుకొని వెనక తలుపు నుంచి వచ్చింది. సత్యమ్మ పుట్టిల్లు సరిహద్దు అవతల, కన్నడ దిక్కు. నాగన్నను చేసుకొని అయిజ వచ్చి ఎన్నో ఏళ్లయినా మాటల్లో ఆ ఊరు పోలేదు. రంజాన్ వచ్చిందంటే ఇఫ్తార్‌కు ఏదో ఒకటి వండి తెస్తుంది.

"వదినె, ఏం కాస్తున్నవ్? మా తవరుమనె యాదికొచ్చింది."

"ఏం లేదు సత్తెమ్మా. మీ అన్నకు మందు."

"మందా." సత్యమ్మ ముక్కు ఎగబీల్చింది. "మా ఊరి దిక్కు ఒక మఠం ఉంటది. జాత్ర నాడు స్వామి చిటికెడు తీసి ప్రసాదమని చేతుల పెడుతుండె. అచ్చం గిదే వాసన. మా తాత గది తిని కొట్టంల ఎద్దుతోటి కష్టం సుఖం చెప్పుకుంటుండె. గా ఎద్దు గూడ తలకాయ ఊపుకుంట వింటుండె, పాపం."

జాహెదా కళ్లతో వద్దని సైగ చేసింది. సత్యమ్మ అప్పటికే నవ్వుతోంది.

వసారాలో మంచం మీద ఖురాన్ చదువుతున్న యాసిన్ గొంతు వినపడింది. "ఏం ప్రసాదం చెల్లే?"

అన్న అడిగాడు కదా అని సత్యమ్మ సంబరంగా చెప్పింది. "గంజాయి అన్నా."

చెప్పాక జాహెదా ముఖం చూసింది. గిన్నె కింద పెట్టింది. "పొయ్యి మీద పాలున్నయ్ వదినె," అంటూ వచ్చిన దారినే వెళ్లిపోయింది.

యాసిన్ ఖురాన్ మూసి, కళ్లకు అద్దుకొని, గూట్లో పెట్టిన చప్పుడు వినిపించింది. ఆయన వంటింట్లోకి రావడం తక్కువ. వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. సాయంత్రపు అసర్ నమాజు దాటిందంటే పొద్దున వేసిన చుక్కల బలం తగ్గి నొప్పి మళ్లీ మొదలవుతుంది. ఒక చెయ్యి దవడ కింద ఆనించుకొని ఉన్నాడు.

"జాహెదా. చెల్లె చెప్పింది నిజమేనా?"

ఆమె మంట ఆర్పింది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. తనూ ఒక్కపొద్దుతో ఉంది.

"నిజమే."

"ఎన్నొద్దుల సంది?"

"చలి మొదలైనప్పటి సంది."

ఆయన లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. సీసాను నీళ్లలోంచి తీసి గుడ్డతో పట్టుకొని వెలుగుకు ఎత్తి చూశాడు. వాసన చూడలేదు. చూస్తే రోజా, ఆ ఒక్కపొద్దు, పోతుందని భయమో, మరేమో.

"దీంల సారా ఉన్నదా?"

"తోబా. సారా ఎందుకు పోస్త? గ్లిజరిన్. చెట్ల నూనెతోటి చేసింది. కొవ్వు గిట్ల ఏం లేదు. పచ్చ చుక్క చూసి తెప్పిచ్చిన. సీసా గూడ కొత్తది."

యాసిన్ ఆమె వైపు తిరిగాడు.

"గ్లిజరిన్‌ల ఏ కొవ్వున్నదని అడిగినవ్. సారా వద్దన్నవ్. కొత్త సీసా తెచ్చినవ్. ఆకు హలాలా హరామా అని ఎవల్నన్న అడిగినవా?"

నిజంగానే ఆమెకు ఆ ప్రశ్న తట్టలేదు. తట్టకుండా ఉండాలనే మిగతా వాటన్నిటినీ అంత పట్టి పట్టి అడిగిందా? మనం అందరం అంతేనేమో. భయపడాల్సిన పెద్ద దాన్ని వదిలి చిన్న వాటిని చాలా శుభ్రంగా కడుగుతాం.

"మీ నొప్పి చూసిన," అంది చివరికి. "ఇంకేం చూడలే."

"దవాఖాన బిళ్లలు లేవా?"

"ఆ బిళ్లలల్ల నషా లేదా? అవి ఏసుకున్న నాడు మీరు నన్ను గూడ గుర్తుపట్టలే. రెండొద్దులు దొడ్డికి పోక ఏడ్చిండ్రు. అది హలాల్, ఇది హరామా?"

"ఆ డాక్టర్ నాకు చెప్పి ఇచ్చిండు. ఇది మత్తు తెస్తది, జర పైలం అన్నడు. నువ్వు చెప్పకుండ ఇచ్చినవ్."

"చెప్తే తాగుతుంటిరా?"

"తాగకపోదును."

"అందుకే చెప్పలే."

వీధిలో ఎవరో పండ్ల బండి తోసుకుంటూ కర్బూజా అని అరుస్తూ పోయాడు. ఇఫ్తార్‌కు ఇంకా సమయముంది. ప్లేటులో ఆమె కోసి పెట్టిన జాంపండ్ల ముక్కలు రంగు మారుతున్నాయి.

యాసిన్ గొంతు తగ్గింది. "నమాజుల రకాతులు మరుస్తుంటి. మూడోదా నాలుగోదా అని ఆగిపోతుంటి. బీమారీ వల్ల అనుకున్న, వయసు అనుకున్న. నషాల ఉన్నోడు నమాజు దగ్గరికి రావద్దని పిల్లగాండ్లకు నేనే చెప్పేటోణ్ణి. నేనే గిట్ల నిలబడ్డ."

"మీకు తెల్వదు గదా. తెల్వనోని మీద పాపం ఉండదు."

"పాపం సంగతి అల్లాకు ఇడిచిపెట్టు. నాదింకోటి." ఆయన సీసాను కింద పెట్టాడు. "గొంతు పోయినంక నాకు అల్లా మీద అలక ఉండె. నీకు చెప్పలే. ఇన్నేండ్లు నీ పేరు పిలిచిన గొంతు గదా, అదే ఎందుకు తీసుకున్నవ్ అని. ఈ చలికాలంల ఆ అలక పోయింది. సజ్దాల తల పెడితే లేవబుద్ధి గాకుండె. నా పక్కనే ఉన్నట్టు, నన్ను వింటున్నట్టు ఉండె. అలక తీరి ఆయనే దగ్గరికొచ్చిండనుకున్న. రోజూ శుకర్ చేసిన. ఇప్పుడు చెప్పు జాహెదా. వచ్చింది ఆయననా, ఈ ఆకా?"

ఆమెకు ఏడుపు వచ్చింది. ఆయన కోపం చేసి ఉంటే బాగుండేది. ఆయన అడిగిన దానికి ఏ ఇమాం సాబ్ మాత్రం జవాబు చెప్పగలడు? నొప్పి పోతే మనిషికి దేవుడు కనబడతాడా, దేవుడు కనబడితే నొప్పి పోతుందా?

"నొప్పి ఉన్నప్పుడు మీరు ఎవల్నీ విననేలేదు," అంది కొంగుతో ముఖం తుడుచుకొని. "నన్ను గూడ. నొప్పే అడ్డం కూసున్నది. ఆకు ఏం తేలే. అడ్డమున్నదాన్ని జర పక్కకు జరిపింది, గంతే. ఆయన ఆడనే ఉండె గావచ్చు."

యాసిన్ ఆ మాటను కాదనలేదు, ఔననలేదు. "నువ్వు మౌల్వీవి కావలసింది," అన్నాడు. ఆయన పెదవి ఒక పక్కకు కదిలింది. అది నవ్వో, నొప్పో ఆమెకు తెలియలేదు.

"రేపు అజాన్..." అంది.

"నువ్వెందుకు గింత కోరుకుంటున్నవ్?"

"మీరు ఇంటికి రావాలె."

"నేను ఇంట్లనే ఉన్న గదా."

"ఉన్నరు," అంది జాహెదా.

ఇఫ్తార్ సైరన్ మోగింది. ఇద్దరూ ఖర్జూరం నోట్లో పెట్టుకున్నారు. ఆయన నీళ్లు తాగి, గుగ్గిళ్లు రెండు నమలబోయి, దవడ పట్టుకొని ఆపేశాడు. రోజూ ఆ సమయానికి ఆమె సీసా, చుక్కల గొట్టం తెచ్చి పక్కన పెట్టేది. ఈ రోజు చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. యాసిన్ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి, కొత్త మందు సీసాకు మూత బిగించి, కుర్తా జేబులో వేసుకున్నాడు.

"ఇది నా దగ్గర ఉండనీ," అన్నాడు.

పారబోస్తాడా, తాగుతాడా, ఆమె అడగలేదు. ఆ రాత్రి ఆయన నిద్రపోలేదని మాత్రం తెలుసు. సహరీకి లేచేసరికి దిండు గలీబు అంచు ఆయన పళ్ల గాట్లతో నలిగి ఉంది. పాలల్లో నానబెట్టిన రొట్టె ఇస్తే సగం తిన్నాడు. చుక్కలు వేసుకున్నాడో లేదో ఆమె చూడలేదు. ఆయన ఆమెకు వీపు చేసి కూర్చున్నాడు.

శుక్రవారం పొద్దెక్కింది. యాసిన్ స్నానం చేసి, ఇస్త్రీ చేసిన తెల్ల కుర్తా వేసుకొని, అత్తరు రాసుకున్నాడు. కాలర్ గుండీ పెట్టుకోవడానికి చెయ్యి పైకి లేవకపోతే జాహెదా పెట్టింది. ఆమె వేళ్లకు ఆయన మెడ తగిలింది. కరెంటు పెట్టిన చోట చర్మం ఎండిన తోలులా ఉంటుంది. అక్కడ ముట్టుకుంటే ఆయనకు స్పర్శ తెలియదు. అయినా ఆమె వేలు ఒక క్షణం అక్కడే ఉంచింది.

"పోయొస్త," అన్నాడు. సీసా జేబులోనే ఉంది. కుర్తా ఆ పక్క కొద్దిగా కిందికి లాగుతోంది.

"అది తీసుకొని యాడికి?" ఆమె గడప దాకా వెంట వచ్చింది. "అల్విదా జుమ్మా. మసీదు ముంగట బందోబస్తుకు పోలీసోళ్లు నిలబడ్డరు."

"వాళ్లు నన్నెందుకు ఆపుతరు? నేను ఈ మసీదు మౌజన్‌ని."

చాలా రోజుల తర్వాత ఆయన నోట ఆ మాట వింది. ఆయన వెనక్కి చూడకుండా నెమ్మదిగా, గోడ పక్కన నీడలో నడిచి వెళ్లాడు.

జాహెదా నమాజు ముందు చేతులూ ముఖమూ కడుక్కునే వజూ చేసుకొని వాకిట్లో నిలబడింది. గోడ అవతల నుంచి సత్యమ్మ తల పైకి వచ్చింది. నిన్నటి నుంచి ఆమె ఈ పక్కకు రాలేదు.

"వదినె, కోపమున్నదా?"

"లేదు సత్తెమ్మా."

"నా నోటికి తాళం బెట్టాలె. మా ఆయన గూడ గదే అన్నడు. తాళం దొరికినా చెవి నా దగ్గరనే ఉంటది గదా అన్న."

జాహెదాకు నవ్వు వచ్చింది, నవ్వలేకపోయింది. అప్పుడే మైకు తెరుచుకున్న గరగర వినబడింది. తర్వాత ఒక ఊపిరి. ఆ ఊపిరి ఆమెకు తెలుసు. ఎన్ని మైకుల్లో, ఎన్ని గాలుల్లో విన్నా తెలుసు. తల మీద కొంగు సర్దుకుంది. కళ్లు వాటంతటవే మూసుకున్నాయి.

అజాన్ రాలేదు.

"బిరాదర్లారా, నేను యాసిన్‌ని." గొంతు బొంగురుగా, కానీ నిలకడగా ఉంది. "పిలిచేముందు జమాత్‌ను ఒక మాట అడగాలె. గీ సీసల ఉన్నది నొప్పికి మందు. గంజాయి ఆకుతోటి చేసింది. చలికాలం సంది తాగుతున్న. నిన్న మాపటి సంది చుక్క గూడ తాగలే. ఇది తాగినోడు మిమ్మల్ని నమాజుకు పిలువొచ్చునా, పిలువొద్దా, ఇమాం సాబ్ చెప్పాలె."

గోడ మీద సత్యమ్మ చేతులు బిగుసుకున్నాయి. వీధిలో నడుస్తున్న వాళ్లు ఆగిపోయారు. మైకులో ఎవరో ఏదో గట్టిగా అడిగారు. మాట తెలియలేదు. యాసిన్ జవాబు మాత్రం ఊరంతా వినబడింది.

"ఎవలూ ఇయ్యలే. నేనే తెచ్చుకున్న. నా చేతులతోటి నేనే చేసుకున్న. మా ఇంట్ల ఎవలికీ తెల్వదు."

జాహెదా కళ్లు తెరిచింది. ఆయన జీవితంలో అబద్ధమాడగా ఆమె వినలేదు. సంతలో బేరానికి కూడా ఆడని మనిషి. రంజాన్ నెల, అల్విదా జుమ్మా, నోట్లో ఒక్కపొద్దు, మసీదులో మైకు ముందర.

ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

"యాడికి వదినె?" సత్యమ్మ గోడ మీద నుంచి వంగింది. "ఆడ మొగోళ్లుంటరు. పోలీసోళ్లుంటరు. అన్న నిన్ను కాపాడుతుండు గదా, ఊకో."

"నాకోసం రోజాల అబద్ధమాడిండు," అంది జాహెదా. "నిజం నేను పోయి చెప్త. ఆయన రోజా పోనీయను."

మైకు టక్కున ఆగిపోయింది. అజాన్ ఇంకా ఎవరూ ఇవ్వలేదు. మసీదు దారి మలుపులో నిలబడ్డ ఇద్దరు కానిస్టేబుళ్లు ఒకరినొకరు చూసుకొని, లాఠీలు చంకన పెట్టుకొని గేటు వైపు కదిలారు. వాళ్ల వెనకే, వాళ్లకంటే వేగంగా, జాహెదా నడుస్తోంది.